ట్యాబ్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా? గోదావరి డెల్టా ఇళ్ళ నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

భీమవరం, అమలాపురం, తణుకు, రామచంద్రపురం వైపు ఇళ్ళలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు దాని వెనక రొయ్యల చెరువు ఉంటుంది, రైసు మిల్లు ఉంటుంది, కువైట్‌లో కొడుకు ఉంటాడు, కొత్తగా ఇంజనీరింగ్ సీటు వచ్చిన అమ్మాయి ఉంటుంది. గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని టెన్షన్ కూడా ఉంటుంది. పట్నంలో ఉండేవాళ్ళ కోసం రాసిన సలహాలు వీటిని పట్టించుకోవు. అందుకే మనవైపు వాళ్ళు అడిగే మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను.

అసలు ఏది కొనాలో తేల్చుకోవడం ఎలాగండీ?

ముందు మీ ఫోన్ సంగతి చూడండి. ఇంట్లో అందరి చేతిలో ఇప్పటికే ఫోన్ ఉంది. ఇంకో వస్తువు కొంటున్నారంటే అది ఫోన్ చేయలేని పనేదో చేయాలి. ఆ పనులు రెండు రకాలు. ఫోన్‌లో అవుతుంది గాని చిన్నగా, ఇబ్బందిగా అవుతుంది అనే పనులు ఒకటి: ఈ-పేపరు చదవడం, పాఠం వీడియో చూడటం, మనవడితో వీడియో కాల్, పీడీఎఫ్ పుస్తకం. ఫోన్‌లో అసలు కానే కాదు అనే పనులు రెండోది: టాలీలో పద్దులు రాయడం, ప్రోగ్రామింగ్, పెళ్ళికార్డు డిజైన్, డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి చేసే ఫైలింగ్.

మొదటి రకం పనులకు ట్యాబ్ చాలు. ల్యాప్‌టాప్ కొంటే ఆ డబ్బు దండగే. రెండో రకం పని ఒక్కటి ఉన్నా, అది వారం వారం వచ్చేదైతే ల్యాప్‌టాప్ తప్పదు. ఎంత ఖరీదైన ట్యాబ్ అయినా ఆ లోటు తీర్చదు.

తేలకపోతే ఇలా చేయండి. ఒక నెలపాటు మీరు నెట్ సెంటరుకో, జిరాక్సు కొట్టుకో, మేనల్లుడి దగ్గరకో వెళ్ళి చేయించుకున్న ప్రతి పనినీ ఒక కాగితం మీద రాయండి. దుకాణంలో సేల్స్ కుర్రాడు చెప్పేదానికన్నా ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

ట్యాబ్‌లో కానే కాని పనులు ఏమిటో విడమరిచి చెబుతారా?

చెబుతాను. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

టాలీప్రైమ్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. రిపోర్టులు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసుకునే వీలుంది గాని, గుమస్తా కూర్చుని రోజంతా వోచర్లు కొట్టాలంటే విండోస్ కంప్యూటర్ కావాలి. మిల్లు దగ్గర, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఉండే వే బ్రిడ్జి కాటా కూడా అంతే. కాటా నుంచి బరువు కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి వస్తుంది, అక్కడి సాఫ్ట్‌వేర్ స్లిప్పు ప్రింటు చేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్లు దాదాపుగా విండోస్‌కి రాసినవే.

డిజిటల్ సంతకం గురించి చాలామందికి తెలియదు. మీ వ్యాపారం సొంత పేరు మీద ఉంటే జీఎస్టీ రిటర్ను ఫోన్‌కి వచ్చే ఓటీపీతోనే దాఖలు చేయవచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగానో ఎల్ఎల్‌పీగానో రిజిస్టర్ చేసి ఉంటే డిజిటల్ సంతకం అడుగుతుంది. అది పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉంటుంది. దాని డ్రైవరు, సంతకం చేయించే చిన్న సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకోవాలి. కాంట్రాక్టర్లు వేసే ఈ-టెండర్లకు కూడా ఇదే టోకెన్ కావాలి. ట్యాబ్‌కి యూఎస్‌బీ రంధ్రం ఉంది కదా అని టోకెన్ గుచ్చితే పని జరగదు.

ఇక తెలుగు డీటీపీ. పెళ్ళికార్డులు, కరపత్రాలు, జాతర ఫ్లెక్సీలు చేసేవాళ్ళు ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో, ఫొటోషాప్‌లో పనిచేస్తారు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫోన్లలో, ట్యాబ్‌లలో మామూలుగా నడిచే తెలుగు అక్షరాల పద్ధతి కాదు. వాటిని నడిపే స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌కి చేసింది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు ట్యాబ్ ఆలోచనే పెట్టుకోవద్దు. పెళ్ళి ఆల్బమ్ డిజైన్, పెద్ద వీడియో ఎడిటింగ్ కూడా ల్యాప్‌టాప్ పనే. అయితే కస్టమర్‌కి ఫొటోలు చూపించి ఎంపిక చేయించుకోవడానికి ట్యాబ్ చాలా బాగుంటుంది.

నాకు ఎరువుల కొట్టు ఉంది. జీఎస్టీ అంతా ఆడిటరు గారే చూస్తారు. నాకేం కావాలి?

పద్దులు ఆయన ఆఫీసులో రాస్తున్నంతకాలం మీకు ట్యాబ్ సరిపోతుంది. కంపెనీ పంపిన స్టాకు జాబితా చూడటానికి, ఎవరెంత బాకీ ఉన్నారో ఒక షీట్‌లో రాసుకోవడానికి, వాట్సాప్‌లో వచ్చిన ఇన్వాయిస్ పెద్దగా చూడటానికి అది చాలు. ఈ-వే బిల్లు కూడా బ్రౌజర్‌లో తీయవచ్చు. మీరే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, బార్‌కోడ్ రీడరు, ప్రింటరు తగిలించాలనుకున్న రోజున మాత్రం కంప్యూటర్ కొనండి. నిజానికి కౌంటర్ మీద కదలకుండా ఉండేదానికి ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాపే మేలు. దుమ్ము పట్టినా శుభ్రం చేయడం తేలిక, ఏ భాగం పోయినా అది ఒక్కటే మార్చుకోవచ్చు.

మాకు వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. గట్టు మీదకు ఏది పట్టుకెళ్ళొచ్చు?

గట్టు మీదకు ట్యాబే. నిలబడి, ఒక చేత్తో పట్టుకుని చెక్ ట్రేలో మిగిలిన మేత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్, ఉప్పుశాతం, సాంప్లింగ్‌లో వచ్చిన కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో) అప్పటికప్పుడు రాసుకోవచ్చు. పుస్తకంలో రాసి రాత్రికి ఎక్కిద్దాం అనుకుంటే ఆ రాత్రి రాదు. పంట పట్టే వరకూ రోజువారీ లెక్క తేదీలవారీగా ఒకచోట ఉంటే, మేత ఎక్కడ ఎక్కువైందో, ఏ వారంలో ఎదుగుదల తగ్గిందో కళ్ళకు కనబడుతుంది. గూగుల్ షీట్స్ చాలు, దానికి ప్రత్యేకంగా ఏ యాప్ కొననక్కర్లేదు. నెట్ లేని చోట కూడా రాసుకునేలా ఆ ఫైలుకి ఆఫ్‌లైన్ సౌకర్యం ముందే ఆన్ చేసి పెట్టండి.

కొన్ని జాగ్రత్తలు. తడి చేత్తో టచ్ స్క్రీన్ సరిగా పలకదు, ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుంది. జేబులో పొడి గుడ్డ ఉంచుకోండి. ఎండలో చవక ట్యాబ్ తెర ఏమీ కనబడదు. కొనేటప్పుడు దుకాణం బయటికి తెచ్చి ఎండలో చూడండి, ఇవ్వనంటే ఇంకో దుకాణానికి వెళ్ళండి. నీళ్ళను తట్టుకుంటుంది అని చెప్పే ఐపీ68 గుర్తు కొన్ని ట్యాబ్‌లకు ఉంది, ఉదాహరణకు సామ్‌సంగ్ 2023లో తెచ్చిన ట్యాబ్ ఎస్9 వరుసకు. కానీ ఆ పరీక్ష మంచినీటితో చేసేది. చెరువు నీరు ఉప్పునీరు. పడితే వెంటనే పైకి తీసి మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరేవరకు ఛార్జింగ్ పెట్టకండి. ఆ గుర్తు లేని ట్యాబ్‌కి నీళ్ళు అసలు తగలనివ్వకండి.

ఎకరాలు కొలిచే యాప్‌లు వాడేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. సిమ్ పెట్టే మోడల్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో మోడల్‌ని బట్టి మారుతుంది, పెట్టె మీద చూసి తీసుకోండి.

పదిహేను ఇరవై ఎకరాలు దాటి, కూలీలు, మేత, డీజిల్, కరెంటు బిల్లులు, ఎగుమతి కంపెనీ లెక్కలు అన్నీ మీరే చూసుకుంటుంటే ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ కూడా ఉండాలి. గట్టు మీద రాసిన షీట్ ఇంటి దగ్గర పెద్ద తెర మీద తెరుచుకుంటుంది. రెండింటికీ ఒకే గూగుల్ ఖాతా ఉంటే చాలు.

అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ట్యాబ్ అడుగుతోంది, తీసుకోమంటారా?

ల్యాప్‌టాప్ తీసుకోండి. మొదటి ఏడాదే సి, పైథాన్ లాంటి భాషలు రాయాలి. సివిల్, మెకానికల్ వాళ్ళకు ఆటోక్యాడ్ ఉంటుంది, దాని పూర్తి రూపం విండోస్‌లోనో మ్యాక్‌లోనో మాత్రమే నడుస్తుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ముందో వెనకో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరుస్తారు, దానికి 16 జీబీ ర్యామ్ ఉంటేనే పని హాయిగా సాగుతుంది. నాలుగో ఏడాదిలో ప్లేస్‌మెంట్ల కోడింగ్ పరీక్షలు ఇంటి నుంచి రాయాల్సి వస్తే కెమెరా, మైకు ఉన్న ల్యాప్‌టాప్ అడుగుతారు.

అమ్మాయి ట్యాబ్ ఎందుకు అడుగుతోందో కూడా వినండి. పెన్నుతో నోట్సు రాసుకోవడానికి అయితే ఆ కోరిక సబబే. మ్యాథ్స్, సర్క్యూట్ బొమ్మలు పెన్నుతో రాస్తేనే బుర్రకెక్కుతాయి. కానీ బడ్జెట్‌లో ఒక్కటే వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, పక్కన రెండు లాంగ్ నోట్‌బుక్కులు. బరువు సంగతి మరవకండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటి, అక్కడి నుంచి బస్సు పట్టుకునే పిల్లకు రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిస్తే అది హాస్టల్ అలమరలోనో ఇంట్లోనో ఉండిపోతుంది. కిలోన్నర లోపలిది చూడండి.

బాబు ఇంటర్ ఎంపీసీ. ఈఏపీసెట్‌కి, జేఈఈకి ప్రిపేరవుతున్నాడు.

పాఠాల వీడియోలకు, పీడీఎఫ్ మెటీరియల్‌కి ట్యాబ్ చాలు. కానీ ఈఏపీసెట్ అయినా జేఈఈ మెయిన్ అయినా అసలు పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌తో రాయాలి. మాక్ టెస్టులు మొత్తం వేలితో నొక్కి అలవాటు పడిన పిల్లాడికి పరీక్ష హాల్లో మొదటి పావుగంట తడబాటు ఉంటుంది. చివరి రెండు నెలలు మాక్ టెస్టులు కాలేజీ ల్యాబ్‌లోనో, తెలిసినవాళ్ళ కంప్యూటర్‌లోనో రాయించండి. దానికోసం ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. ఏ కోర్సులో చేరతాడో తేలాక దానికి తగ్గది కొనవచ్చు.

మెడిసిన్, సీఏ, లా చదివేవాళ్ళకు?

ఈ ముగ్గురికీ ట్యాబ్, పెన్ను కలిపి ఇస్తే మంచి కొనుగోలు. లావుపాటి పుస్తకాల పీడీఎఫ్‌లు, వాటి మీద గీతలు, పక్కన రాతలు, అదీ వాళ్ళ పని. సీఏ వాళ్ళకు ఆర్టికల్‌షిప్ మొదలయ్యాక ఎక్సెల్, టాలీ కోసం ల్యాప్‌టాప్ అవసరమవుతుంది.

అబ్బాయి గల్ఫ్‌లో ఉంటాడండీ. మేమిద్దరమే ఇక్కడ. రోజూ మాట్లాడుకోవడానికి ఏది తేలిక?

ట్యాబ్. ఈ జవాబులో నాకు ఏ సందేహమూ లేదు. పది, పదకొండు అంగుళాల తెర మీద మనవరాలి ముఖం నిండుగా కనబడుతుంది. స్టాండ్ ఉన్న కవరు కొంటే టేబుల్ మీద నిలబెట్టి ఇద్దరూ కూర్చుని మాట్లాడొచ్చు, ఫోన్ చేత్తో పట్టుకుని మణికట్టు నొప్పి తెచ్చుకోనక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే తెరవాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, అప్‌డేట్ అడిగితే ఏం చేయాలో తెలియదు. పెద్దవాళ్ళు ఆ తతంగానికే దాన్ని మూలన పెట్టేస్తారు.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో వాట్సాప్ 2023 నుంచి, ఐప్యాడ్‌లో 2025 మే నుంచి సరిగ్గా పనిచేస్తోంది. మీ ఫోన్‌లో ఉన్న అదే నంబరుతో రెండో పరికరంగా కలుపుకోవచ్చు, కొత్త సిమ్ అక్కర్లేదు. కువైట్‌లో ఉంటే వాట్సాప్ కాల్ వస్తుంది. దుబాయ్, అబుదాబిలో ఉంటే అక్కడి నిబంధనల వల్ల వాట్సాప్ వీడియో కాల్స్ సాగవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఏది వాడుతున్నాడో అబ్బాయిని అడిగి అదే వేయించండి.

సెలవులకు వచ్చినప్పుడు అబ్బాయి చేత నాలుగు పనులు చేయించుకోండి: అక్షరాలు పెద్దవి చేయడం, అక్కర్లేని గుర్తులన్నీ తెర మీద నుంచి తీసేయడం, భాష తెలుగులోకి మార్చడం, తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ మోగకుండా ఆపడం. బ్యాంకు యాప్ మాత్రం ట్యాబ్‌లో పెట్టకండి. డిజిటల్ అరెస్టు పేరుతో భయపెట్టి వీడియో కాల్‌లో డబ్బు లాగేవాళ్ళు పెద్దవాళ్ళనే వెతుక్కుంటున్నారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో లేనే లేదు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి 1930కి ఫోన్ చేయాలని ట్యాబ్ కవరు లోపల కాగితం అంటించి ఉంచండి.

నేను పౌరోహిత్యం చేస్తాను. పంచాంగం, ప్రయోగ పుస్తకాలు మోయలేకపోతున్నాను.

మీకూ ట్యాబే బాగుంటుంది. పెద్ద అక్షరాల పీడీఎఫ్‌లు, రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచే సౌకర్యం, వ్రతానికో ఫోల్డరు. పుస్తకాలన్నీ ట్యాబ్‌లోనే దాచుకోండి, నెట్ మీద ఆధారపడితే ఊరి చివర ఇంట్లో ఇబ్బంది పడతారు. హోమం దగ్గర వేడి, నెయ్యి చేతులు, ఇవి రెండూ ట్యాబ్‌కి పడవు. కాస్త ఎడంగా వ్యాసపీఠం లాంటి స్టాండ్ మీద పెట్టుకుని, తెర ఆరిపోకుండా సెట్టింగ్ మార్చుకోండి. మధ్యలో ఫోన్ కాల్స్ దానికి రాకుండా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

తెలుగులో టైపు చేయడం దేంట్లో సులువు?

ఒక పేజీ లోపల అయితే ట్యాబ్. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్‌కి నోటితో చెబితే తెలుగు బాగానే రాస్తుంది. మన యాసలో వేగంగా చెబితే తప్పులు దొర్లుతాయి, నిదానంగా వాక్యం వాక్యంగా చెప్పండి. సచివాలయంలో ఇచ్చే అర్జీలు, సంఘం తీర్మానాలు ఇలా రాసుకోవచ్చు.

పేజీలకు పేజీలు రాసేవాళ్ళకు, విలేకరులకు, కథలు రాసేవాళ్ళకు అసలైన కీబోర్డు కావాలి. విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా లోపలే ఉంది, ఇంగ్లీషు అక్షరాల వరసలో కొడితే తెలుగు వస్తుంది. భారతీయ భాషలన్నిటికీ ఒకే వరసలో ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోగలిగితే ఇంకా వేగం. అది విండోస్‌లో, మ్యాక్‌లో ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకసారి నేర్చుకున్నది పోదు.

సినిమాలు, క్రికెట్ చూడటానికి?

పడక్కుర్చీలో, మంచం మీద, రైల్లో చూసేవాళ్ళకు ట్యాబ్. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు ఎక్కి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చోవడం ఎవరికీ సుఖం కాదు. పైగా సినిమాలు ముందే డౌన్‌లోడ్ చేసుకునే వీలు ట్యాబ్ యాప్‌లలో బాగుంటుంది. నెట్‌ఫ్లిక్స్ తన విండోస్ యాప్‌లో డౌన్‌లోడ్ సౌకర్యం 2024లో తీసేసింది.

చవక ఆండ్రాయిడ్ ట్యాబ్ కొనేవాళ్ళు వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో చూడాలి. వైడ్‌వైన్ అంటే ఓటీటీ వీడియోలు కాపీ కాకుండా వేసే తాళం, ఎల్1 దాని పై స్థాయి, ఎల్3 కింది స్థాయి. ఎల్3 మాత్రమే ఉంటే తెర ఎంత మంచిదైనా ఓటీటీ యాప్‌లు మసక బొమ్మే ఇస్తాయి. పెట్టె మీద ఈ సంగతి రాయరు. డీఆర్ఎమ్ ఇన్ఫో అనే ఉచిత యాప్ వేసి దుకాణంలోనే చూసుకోవచ్చు.

ఇంట్లో అందరూ కలిసి చూసేదానికి టీవీ ఉండనే ఉంది. ఆ లెక్క ట్యాబ్ మీద వేయకండి.

ట్యాబ్‌కి కీబోర్డు తగిలిస్తే ల్యాప్‌టాప్ అయిపోతుంది కదా?

చూడటానికి అవుతుంది. మెయిల్ రాయడం, వ్యాసం రాయడం, చిన్న షీట్ నింపడం హాయిగా జరుగుతాయి. 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26తో కిటికీలను ఇష్టం వచ్చినట్టు జరుపుకునే వీలు కూడా వచ్చింది. సామ్‌సంగ్ పెద్ద ట్యాబ్‌లలో తెరను కంప్యూటర్ తెరలా మార్చే డెక్స్ ఉంది. అయినా లోపల నడిచేది ట్యాబ్ యాప్‌లే. టాలీ, అను ఫాంట్లు, టోకెన్ విషయం పైన చెప్పిందే, కీబోర్డు పెట్టినంత మాత్రాన మారదు.

డబ్బు లెక్క కూడా వేయండి. ఆపిల్ 2025 మార్చిలో తెచ్చిన మామూలు ఐప్యాడ్ ధర 34,900 రూపాయలతో మొదలైంది. ఆ ధరలో కీబోర్డు లేదు, పెన్ను లేదు. కంపెనీవే రెండూ కలిపితే మంచి విండోస్ ల్యాప్‌టాప్ ధర దాటిపోతుంది. కాబట్టి కీబోర్డుతోనే ఎక్కువసేపు పనిచేస్తానని మీకు ముందే తెలిస్తే నేరుగా ల్యాప్‌టాప్ కొనండి. అప్పుడప్పుడే అయితే ఏ కంపెనీదైనా మామూలు బ్లూటూత్ కీబోర్డు చాలు.

తెర వెనక్కి తిరిగే టూ-ఇన్-వన్ ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌గా బాగుంటాయి. ట్యాబ్‌గా చేతిలో పట్టుకుంటే బరువు. ట్యూషన్ చెప్పే మాస్టార్లకు మాత్రం నేను గట్టిగా సిఫారసు చేస్తాను. తెర మీద పెన్నుతో లెక్క చేస్తూ ఆన్‌లైన్ క్లాసు చెప్పొచ్చు, అదే మెషీన్‌లో ప్రశ్నపత్రం తయారుచేయొచ్చు.

సిమ్ ఉన్న ట్యాబ్ తీసుకోవాలా, వై-ఫైది చాలా?

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే వై-ఫైది చాలు. బయట ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. చెరువుల దగ్గర, పొలాల్లో, ఊరూరా తిరిగే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు సిమ్‌ది తీసుకోండి. ఫోన్ బ్యాటరీ మిగులుతుంది.

కరెంటు పోతే? తుఫాను వస్తే?

దీని గురించి డెల్టాలో ఉండేవాళ్ళు అందరికన్నా ఎక్కువ ఆలోచించాలి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఏం చేసిందో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. స్తంభాలు పడితే కరెంటు రావడానికి రోజులు పడుతుంది.

ట్యాబ్ బ్యాటరీ సుమారు 30 వాట్-అవర్లు ఉంటుంది, ల్యాప్‌టాప్‌ది 45 నుంచి 60. ట్యాబ్ ఒక ఛార్జింగ్‌తో వాడకాన్ని బట్టి ఎనిమిది, పది గంటలు వస్తుంది. మామూలు విండోస్ ల్యాప్‌టాప్ నాలుగు నుంచి ఆరు గంటలు, కొత్త తరం చిప్‌లు ఉన్నవి, మ్యాక్‌బుక్‌లు ఇంకా ఎక్కువ. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది సుమారు 74 వాట్-అవర్లు. మార్పిడిలో కొంత పోయినా ట్యాబ్‌ని ఒకటిన్నర సార్లు నింపుతుంది. ల్యాప్‌టాప్‌కి మామూలు పవర్ బ్యాంకు పనికిరాదు. టైప్-సి ఛార్జింగ్ తీసుకునే ల్యాప్‌టాప్ అయ్యుండాలి, పవర్ బ్యాంకు 45 లేదా 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ అనే వేగమైన ఛార్జింగ్) ఇచ్చేదై ఉండాలి.

ఇన్వర్టర్ మీద కూడా తేడా ఉంది. ట్యాబ్ ఛార్జరు తీసుకునేది 20 వాట్ల చుట్టుపక్కల, ల్యాప్‌టాప్‌ది 65 వరకు, అంటే దాదాపు ఒక పాత సీలింగ్ ఫ్యాను అంత. రాత్రికి ఫ్యాను తిరగాలా, ల్యాప్‌టాప్ నిండాలా అని ఎంచుకోవాల్సిన పరిస్థితి ఉంటే ఆ తేడా పెద్దదే.

తుఫాను హెచ్చరిక రాగానే అన్నీ నిండుగా ఛార్జి చేసి, ప్లగ్గులు పీకి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అటక మీద పెట్టండి. పొలం కాగితాలు, పాస్‌బుక్కు, ఇన్సూరెన్సు పాలసీల ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కించండి. పరికరం పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చెరువు లెక్కలు, పిల్లల ఫొటోలు అందులోనే ఉండి పోతే తిరిగి రావు.

కరెంటు తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరి ఛార్జర్లు కాలిపోతుంటాయి. వచ్చిన పది నిమిషాల దాకా ఏదీ ప్లగ్గులో పెట్టకండి. ల్యాప్‌టాప్ ఛార్జరుకి సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డు తప్పనిసరి.

సముద్రం దగ్గర ఉంటాం. ఉప్పుగాలికి ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

ట్యాబ్. దానికి ఫ్యాను ఉండదు, గాలి పీల్చే సందులు ఉండవు. ల్యాప్‌టాప్ ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఆ గాలితోపాటు ఉప్పు, తేమ కూడా వెళ్ళి బోర్డు మీద చేరతాయి. ల్యాప్‌టాప్ వాడనప్పుడు బ్యాగులో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించండి. అసలు వాడకుండా నెలల తరబడి మూలన పెట్టడం అన్నిటికన్నా చేటు. సగం ఛార్జింగ్‌తో ఉంచి, నెలకోసారి ఆన్ చేస్తుండండి.

ఎండాకాలం మాత్రం ట్యాబ్‌కి కష్టం. ఐప్యాడ్ 35 డిగ్రీల లోపు వేడిలో వాడేందుకు చేసినదని ఆపిలే చెబుతుంది. రాజమహేంద్రవరంలో మే నెల ఎండ ఎంతో మనకు తెలుసు. కారులో, స్కూటీ డిక్కీలో వదిలేయకండి. ఛార్జింగ్ పెట్టి పైన దిండు పడేయడం కూడా బ్యాటరీకి అంతే హాని.

హైదరాబాదు నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు చవకగా అమ్ముతున్నారు. కొనొచ్చా?

చూసి కొనొచ్చు. ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ మోడళ్ళు గట్టివి. ముందు చూడాల్సింది విండోస్ 11 పడుతుందా అని. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్ 11కి ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతది, టీపీఎమ్ 2.0 అనే భద్రత చిప్ ఉండాలి. అంతకన్నా పాతదాన్ని ఎంత చవకగా ఇచ్చినా బ్యాంకు పనులకు, జీఎస్టీకి వాడొద్దు. తరువాత పాత హార్డ్ డిస్కు కాకుండా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ ఉందా, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోంది, కీబోర్డులో అన్ని మీటలు పడుతున్నాయా, ఇవి అక్కడే కూర్చుని చూడండి.

పాత ట్యాబ్ మాత్రం కొనొద్దు. బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది, మార్చడం కష్టం. అప్‌డేట్లు ఆగిపోతే యాప్‌లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

బడిలో ఇచ్చిన ట్యాబ్ ఇంట్లో ఉంది. అది సరిపోదా?

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లు చాలా ఇళ్ళలో ఉన్నాయి. అవి పాఠాల కోసం ఇచ్చినవి, పాఠాలకే వాడనివ్వండి. ఇంట్లో కొత్తది కొనే ముందు ఒక్కటి గమనించండి: పిల్లాడు ఆ ట్యాబ్‌ని దేనికి వాడాడు, ఎప్పుడు మానేశాడు. కొత్తది కొన్నా నడిచేది ఆ తోవలోనే. చిన్నపిల్లలకు ఇచ్చే ఏ ట్యాబ్‌కైనా ఎంతసేపు, ఏ యాప్‌లు వాడాలో పెద్దవాళ్ళు అదుపు చేసే సౌకర్యం, అంటే ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్, మొదటి రోజే పెట్టండి. తర్వాత పెడదామంటే యుద్ధమవుతుంది.

కంపెనీ ల్యాప్‌టాప్ ఉంది, భీమవరం నుంచే పని. సొంతానికి ఇంకో ల్యాప్‌టాప్ కావాలా?

వద్దు, ట్యాబ్ తీసుకోండి. కంపెనీ మెషీన్‌లో సొంత బ్యాంకు పనులు, కుటుంబం ఫొటోలు పెట్టడం మంచిది కాదు, చాలా కంపెనీలు ఒప్పుకోవు కూడా. పైగా పని అయ్యాక అదే తెర ముందు సినిమా చూస్తుంటే పని అయిపోయినట్టే అనిపించదు. మీ సొంత మ్యాక్ ఉంటే ఐప్యాడ్‌ని, విండోస్ ఉంటే సామ్‌సంగ్ పెద్ద ట్యాబ్‌లను రెండో తెరగా కూడా వాడుకోవచ్చు.

ఎంత ర్యామ్, ఎంత స్టోరేజీ?

ల్యాప్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. డబ్బు చాలకపోతే 8 జీబీతో తీసుకోండి, కానీ తర్వాత పెంచుకునే ఖాళీ స్లాటు ఉందో అడగండి. ఎస్ఎస్‌డీ కన్నా నిదానంగా నడిచే ఇఎంఎంసీ స్టోరేజీ ఉన్న చవక ల్యాప్‌టాప్‌లు వద్దు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి 6 లేదా 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ. 4 జీబీది ఏడాదికే విసుగు తెప్పిస్తుంది.

ఎక్కడ కొనాలి? చెడితే ఎవరు బాగుచేస్తారు?

కొనే ముందు ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరు మీకు దగ్గర్లో ఏ ఊళ్ళో ఉందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో ఉంటే ఫర్వాలేదు. విజయవాడకో విశాఖకో వెళ్ళాల్సిన బ్రాండ్ అయితే ఒక పూట పోతుంది, రెండుసార్లు తిరిగితే ధరలో మిగిలిందంతా బస్సులకే. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

వారంటీ అయ్యాక ల్యాప్‌టాప్‌దే పైచేయి. బ్యాటరీ, కీబోర్డు, ఛార్జింగ్ పిన్ను, ఎస్ఎస్‌డీ మార్చే కుర్రాళ్ళు మన పట్టణాలన్నింటిలో ఉన్నారు. ట్యాబ్ తెర పగిలితే చాలాసార్లు ఖర్చు కొత్తదాని సగం దాకా వెళ్తుంది. అందుకని ట్యాబ్‌తోపాటే గట్టి కవరు, టెంపర్డ్ గ్లాసు వేయించండి.

వ్యాపారానికి కొంటుంటే బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి. రెండింటి మీదా 18 శాతం పన్ను ఉంది, వ్యాపారానికే వాడితే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అది ఎలా చూపించాలో మీ ఆడిటరు గారిని అడిగి, బిల్లు కాపీ ఆ నెలలోనే ఆయనకు పంపండి.